ఖాళీ ఉయ్యాల ఊగకూడదు

నేను ఒక ఉయ్యాలని. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు నన్ను చూసినవాళ్ళెవరూ ఆ పేరుతో పిలవరు. పుట్టి ఇరవై ఏళ్ళయింది. నాలో బిడ్డని పడుకోబెట్టి ఊపిన చెయ్యి ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. నన్ను ఊపిన ప్రాణి మాత్రం ఒకటుంది. దాని సంగతి చివర్లో చెబుతాను. ఇప్పుడే చెబితే మీరు నవ్వుతారు, మీరు నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది.

నన్ను చేసినవాడు ఓబేదయ్య. గోదారి పాయ ఒడ్డున కొత్తరేవులో పడవలు కట్టే వడ్రంగి. ఆయన చేతికి పడవ తప్ప ఇంకోటి రాదు. ఎవరో పాపం కుర్చీ చేసిపెట్టమని అడిగితే, అందులో కూర్చున్నవాడు తెడ్డు ఏదని వెతుక్కున్నాడట. అలాంటి మనిషి, ఒక్కగానొక్క కూతురు దయామణి అత్తారింటికి వెళ్ళిన ఏడాదిలోనే, ఒక పెద్ద పడవ కట్టగా మిగిలిన నల్లమద్ది చెక్క ముందేసుకుని కూర్చున్నాడు. మనవడో మనవరాలో రాబోతోందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆయనే అనేసుకున్నాడు.

పడవకి అడుగు ఎలా వంచుతారో నాకూ అలాగే వంచాడు. ఇనప మేకు ఒక్కటీ కొట్టలేదు, అన్నీ చెక్క మేకులే. సందుల్లో దూది కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పూశాడు. చూసినవాళ్ళు పకపకా నవ్వారు. "ఓబేదయ్యా, ఉయ్యాలకి ఇదంతా ఎందుకయ్యా, మనవణ్ణి ఇందులో పెట్టి ఏరు దాటిస్తావా ఏంటి?" అన్నారు. "నేను చేసిన దాంట్లోకి చుక్క రాకూడదు, చుక్క పోకూడదు," అన్నాడాయన. అంచు చుట్టూ చేపలు చెక్కాడు. నాలుగు మూలలా ఇత్తడి కడియాలు బిగించి, గొలుసులు తగిలించి, పంటు మీద ఏరు దాటించి అల్లుడింటికి తెచ్చి దూలానికి వేలాడదీశాడు. ఆ పంటు నడిపేది ఆయన అల్లుడే, పేరు తీతు. మామగారు ఉయ్యాల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, సిగ్గుతో చచ్చిపోయి ఆ పూట పంటుని రేవుకి పది గజాలు అవతల ఆపాడు.

మూడో ఏడు ఓబేదయ్య పోయాడు. నాలోకి ఎవరూ రాకుండానే పోయాడు.

ఇక దయామణి గురించి చెప్పాలి.  ప్రతి శనివారం కొబ్బరినూనె గుడ్డతో నన్ను తుడిచేది. ఒక్కొక్క చేపనీ విడివిడిగా తుడిచేది. పాత చీరలు మెత్తగా ఉంటాయని వాటిని కత్తిరించి చిన్నచిన్న చొక్కాలు కుట్టి నాలో మడతపెట్టి పెట్టేది. ఏడాదికి ఒకటో రెండో. తుడుస్తూ నాతో కబుర్లు చెప్పేది. అత్త కేతూరమ్మ ఏమందో, తీతు ఎందుకు అలిగాడో, ఈ నెల కూడా ఆశ ఎలా నీరుగారిందో. లోకంలో ఎవరికీ చెప్పని మాటలు నాకు చెప్పింది. నేను ఎవరికీ చెప్పలేదు. ఇదిగో, ఇవాళే మీకు చెబుతున్నాను. ఎందుకు చెప్పకూడదట? ఆమె నాకు మిగిల్చిన మర్యాద ఏముంది గనక?

కేతూరమ్మకి ఒక పట్టింపు ఉండేది. ఖాళీ ఉయ్యాల ఊగకూడదు. ఊగితే పుట్టిన బిడ్డకైనా పుట్టబోయే బిడ్డకైనా కీడు అనేది. యేసయ్యని నమ్ముకున్న ఇంట్లో ఇవన్నీ ఏంటమ్మా అని తీతు విసుక్కుంటే, "యేసయ్య అటు, ఉయ్యాల ఇటు, రెండూ కలపకు," అనేది. ఒకరోజు పెద్ద గాలి వచ్చింది. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకున్నాయి, నేను ఊగడం మొదలెట్టాను. అబ్బ, ఎంత హాయిగా ఉందో! పుట్టాక అదే మొదటిసారి. వంటింట్లో చేపలు తోముతున్న దయామణి "అయ్యో అయ్యో" అంటూ పరిగెత్తుకొచ్చి, పొలుసు అంటిన అరచేత్తోనే నన్ను గట్టిగా పట్టుకుని ఆపేసింది. గాలి తగ్గేదాకా అలాగే నిలబడింది. గుండె దడదడా కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. అప్పుడు నాకు కోపం రాలేదు. నాకోసం కాదు, నాలోకి రాబోయేవాళ్ళ కోసం ఆపింది. ఇద్దరం కలిసి ఒకరి కోసమే ఎదురుచూస్తున్నాం గదా అనుకున్నాను.

అలా పదకొండేళ్ళు.

పదకొండో ఏడు మా యేసయ్య గుళ్ళో ఉజ్జీవ కూడికలు, అంటే భక్తి రగిలించే సభలు పెట్టారు, మూడు రోజులు. పట్నం నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. తెల్లటి బట్టలు, మైకు అక్కర్లేని గొంతు. అయినా మైకులోనే మాట్లాడాడు. ఆ గొంతు రేవు దాటి మా ఇంటి దూలం దాకా వినిపించేది. మూడో రోజు పగటి కూడికలో అబ్రాహాము కథ ఎత్తుకున్నాడు. ముసలితనంలో పుట్టిన ఒక్క కొడుకు ఇస్సాకుని దేవుడు బలిగా అడిగితే, కిక్కురుమనకుండా కట్టెలు మోపించి కొండెక్కించాడు గదా, ఆ కథ. "మీరు దేవునికి ఏం ఇచ్చారు? చిరిగిన నోటు, పుచ్చిన వంకాయ! మీ ఇస్సాకు ఎవరు? దేన్ని చూసి మీ గుండె కొట్టుకుంటుందో అది తెచ్చి ఇక్కడ పెట్టండి!" అని గర్జించాడు.

నాకు ఆ గర్జన వినిపించింది గానీ, అందులో నా పేరుందని తెలియలేదు.

మధ్యాహ్నం ఎండలో దయామణి ఇంటికొచ్చింది. ముఖం కడుక్కుంది. స్టూలెక్కి గొలుసులు ఊడదీసింది. కొత్త చొక్కా కుట్టి ఉంటుందేమో, లోపల సర్దుతుందేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని. నన్ను నెత్తిన పెట్టుకుని వీధిన పడింది. కేతూరమ్మ వెనకాలే "ఒసేయ్, ఎక్కడికే, అది మీ నాన్న చేసిందే," అని అరుస్తూ వచ్చి వచ్చి, మలుపు దగ్గర ఆయాసంతో కూలబడింది.

గుడి ముందు పందిట్లో అప్పటికే సామాను పోగైంది. మనుషులు దేవుడికి ఏమిస్తారో చూడాలంటే ఆ రోజు అక్కడ ఉండాల్సింది. ఒకాయన చుట్టల కట్ట ఇచ్చాడు, జేబులో ఇంకో కట్ట ఉంచుకుని. ఒక కుర్రాడు పందెం కోడిని ఇచ్చాడు, వాడు మాత్రం నిజంగానే ఏడ్చాడు. ఆ కోడి మళ్ళీ ఎవరికీ కనిపించలేదు, సాయంత్రం ప్రసంగీకుడి కంచంలో ముక్కలు బాగా గట్టిగా ఉన్నాయని మాత్రం విన్నాను. సంఘపెద్ద ఫిలేమోనుగారు మామగారు పెళ్ళికి పెట్టిన బంగారు రంగు వాచీ విప్పి, నలుగురికీ కనబడేలా పైకెత్తి చూపించి, తెచ్చి నాలో పడేశాడు. చప్పట్లు కొట్టారు.

దయామణి నా పక్కన మోకరించింది. మెల్లగా అన్న మాటలు నాకొక్కదానికే వినిపించాయి. "అయ్యా, పదకొండేళ్ళు నిన్ను అడుక్కున్నాను. ఇంక అడగను. ఆ ఆశ కూడా నువ్వే తీసుకో. నాకు నువ్వు చాలు." అంతే. బేరం లేదు, గొడవ లేదు. ఏడవను కూడా లేదు.

ప్రసంగీకుడికి ఎవరో చెవిలో చెప్పారు. వెంటనే మైకందుకున్నాడు. "ఈ సహోదరి ఖాళీ ఉయ్యాల ఇచ్చింది! వచ్చే ఏడు ఇదే పందిట్లోకి బిడ్డనెత్తుకుని వస్తుంది! నమ్మినవాళ్ళు ఆమెన్ చెప్పండి!" పందిరి ఊగిపోయేలా ఆమెన్ అన్నారు. దయామణి తల ఎత్తి, "అందుకు కాదండీ," అంది. ఆ మాట మైకుకి అందలేదు.

నిజం చెప్పొద్దూ, ఆమె భక్తి గొప్పదే. ఆ పందిట్లో ఉన్నవాళ్ళందరిలోకీ నిజంగా ఇచ్చింది ఆమె ఒక్కతే. కాని ఇచ్చింది ఎవరిని? నన్ను! ఇస్సాకుని ఇచ్చిన అబ్రాహాముని అందరూ మెచ్చుకుంటారు. కట్టెల మీద పడుకున్న ఇస్సాకుకి ఎలా ఉంటుందో ఎవరైనా అడిగారా? పదకొండేళ్ళు నూనె రాసి, కబుర్లు చెప్పి, చివరికి చుట్టల కట్ట పక్కన నన్ను దింపి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. నా లోపల పదిహేడు చిన్న చొక్కాలున్నాయి. అవి కూడా తీసుకెళ్ళలేదు.

వారం తిరక్కుండా ఫిలేమోనుగారు గుడి వెనక గదికి వచ్చాడు. నాలో చెయ్యి పెట్టి, చొక్కాల కింద తడిమి, తన వాచీ తీసి చేతికి పెట్టుకున్నాడు. గుమ్మంలో గుడి పాస్టరు అయ్యగారి భార్య కనిపిస్తే, "ఆరాధన టైముకి మొదలవ్వాలి గదమ్మా, ఇది సంఘం పని కోసమే," అన్నాడు. ఆవిడ తలూపి వెళ్ళిపోయింది. నేను మాత్రం మర్చిపోలేదు.

నన్నేం చెయ్యాలో వాళ్ళకి తోచలేదు. అమ్మితే బాగుండదు, ఉంచితే అడ్డం. డిసెంబరు వచ్చేసరికి సండేస్కూలు టీచరమ్మకి ఉపాయం తట్టింది. క్రిస్మస్ నాటకంలో యేసుబాబు పడుకునే పశువుల తొట్టి కావాలి గదా, ఇదే పెడదాం అంది. పశువుల తొట్టి వేలాడదు, కింద నిలబడాలి. ఊళ్ళో విరిగిన కుర్చీలు బాగుచేసే మనిషిని పిలిపించారు. వాడు నా కడియాలు పీకేసి, నాలుగు కాళ్ళు తెచ్చి, ఒక్కో కాలికి మూడేసి చొప్పున ఇనప మేకులు దిగ్గొట్టాడు. ఓబేదయ్య ఒక్క ఇనప మేకు తగలనివ్వని ఒళ్ళు నాది. గొలుసులు పోనీ పారేశారా అంటే అదీ లేదు, గుడి గంటకి కట్టారు. ఇప్పటికీ ఆదివారం గంట మోగితే, అందరికీ ఆరాధన గుర్తొస్తుంది, నాకు మా దూలం గుర్తొస్తుంది.

డిసెంబరులో ఒక్కరోజు నాలో గడ్డి పరిచి ప్లాస్టరు బొమ్మని పడుకోబెట్టేవారు. దానికి దయామణి కుట్టిన చొక్కా తొడిగేవారు. మిగతా ఏడాదంతా వెనక గదిలో పాత మైకు డబ్బాల మధ్య. ఆడవాళ్ళు వండుకునేటప్పుడల్లా దేవుడి పేరు మీద పిడికెడు బియ్యం తీసి పెట్టి, ఆదివారం గుడికి తెస్తారు గదా, అవి పొయ్యడానికి నన్ను వాడారు. సందు లేని ఒళ్ళు గనక ఒక్క గింజ కింద పడేది కాదు. పురుగులు మాత్రం పట్టేవి.

దయామణి ప్రతి శనివారం గుడి ఊడవడానికి వచ్చేది. నన్నూ తుడిచేది, కుర్చీలు తుడిచినట్టు, కిటికీలు తుడిచినట్టు. చేపల్ని విడివిడిగా తుడవలేదు. ఒక్క మాట మాట్లాడలేదు.

ప్రసంగీకుడు చెప్పిన వచ్చే ఏడు వచ్చింది, పోయింది. ఆ పైయేడూ పోయింది. ఆమెన్ అన్నవాళ్ళందరూ ఆ సంగతే మర్చిపోయారు. మూడో ఏడు, ముప్ఫై మూడేళ్ళ వయసులో, దయామణికి నెల తప్పింది.

ఈ వార్త నాకు కేతూరమ్మ గొంతులో తెలిసింది. ఆదివారం ఆరాధన అయ్యాక వెనక గదిలో పెద్దలు కూర్చున్నారు, నేనూ అక్కడే ఉన్నాను. కేతూరమ్మ వచ్చి చేతులు జోడించింది. "అయ్యా, కోడలికి ఏడో నెల. వాళ్ళ నాన్న చేసిన ఉయ్యాల అది. నా మనవడు చీరలో ఊగాలాండీ? బదులుగా మంచి టేకు బల్ల చేయించి ఇస్తాం, మా తీతు ఒప్పుకున్నాడు. ఆ ఉయ్యాల ఇప్పించండి."

నా చెక్కంతా ఝల్లుమంది. కాళ్ళు పీకేసినా సరే, మేకులు పీకేసినా సరే, తీసుకెళ్ళు కేతూరమ్మా, తీసుకెళ్ళు తల్లీ అనుకున్నాను. ఆ ముసలావిడతో నాకెప్పుడూ పడలేదు. ఆ రోజు మాత్రం ఆవిడ కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

ఫిలేమోనుగారు గొంతు సవరించుకున్నాడు. "దేవునికిచ్చింది వెనక్కి అడగడమా? అననీయ, సప్పీరాల సంగతి వినలేదా కేతూరమ్మా? ఇచ్చినట్టే ఇచ్చి కొంచెం దాచుకున్నందుకు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉన్నచోటే పడి చచ్చారు. అడిగేముందు ఆలోచించుకోవద్దూ? కడుపుతో ఉన్న పిల్ల మరి, ఆపైన మీ ఇష్టం." అని వాచీ చూసుకున్నాడు. భోజనం వేళయిందట.

ఆ వాచీ! నా పక్కలో నాలుగు రోజులు పడుకున్న వాచీ! నాకు నోరుంటే ఆ రోజు ఆ గదిలో ఏమయ్యేదో చెప్పలేను. అయ్యగారి భార్యకి తెలుసు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. అయ్యగారు జెకర్యాగారు మెత్తటి మనిషి, నేలకేసి చూశాడు.

గుమ్మం అవతల, జనం పోయాక ఊడుస్తూ వచ్చి, చీపురు పట్టుకుని దయామణి నిలబడి ఉంది. అంతా విన్నది. చీపురు గోడకి ఆనించి, పొట్ట మీద చెయ్యి వేసుకుని వెళ్ళిపోయింది.

జెకర్యా అయ్యగారికి ఫిలేమోనుగారి మాట ముల్లులా గుచ్చుకున్నట్టుంది. మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా, చేపల బుట్టలు మోసే రిక్షా బండి మాట్లాడి నన్ను ఎక్కించాడు. పక్కనే తను నడుస్తూ వచ్చాడు. పెద్దమనిషికి చెమటలు పట్టాయి. అదే దారి, అదే మలుపు. దూరం నుంచే మా ఇంటి కప్పు కనిపించింది. మూడేళ్ళ తరవాత ఇంటికి వస్తున్నాను. నాలో ఇంకా నాలుగు బియ్యపు గింజలున్నాయి, శుభమే గదా అనుకున్నాను.

"దయామణీ, ఇదిగో అమ్మా నీ ఉయ్యాల. పెద్దలతో నేను మాట్లాడుకుంటాలే," అన్నాడు అయ్యగారు.

ఆమె గేటు దగ్గరికి వచ్చింది. గేటు తియ్యలేదు. "వద్దండీ అయ్యగారండీ. తీసుకెళ్ళిపోండి."

"దేవుడేమీ అనుకోడమ్మా. ఇస్సాకుని కూడా ఆయన తిరిగిచ్చేశాడు గదా."

"ఆయన ఇచ్చాడండీ. అబ్రాహాము అడగలేదు గదండీ." గేటు గడియ గట్టిగా పట్టుకుంది. "మా అత్త అడిగిందండీ. నాకు భయంగా ఉందండీ. దీన్ని ఇంట్లో పెట్టుకుంటే నాకు నిద్ర పట్టదు. తీసుకెళ్ళిపోండి, మీకు పుణ్యముంటుంది."

కేతూరమ్మ నెత్తి బాదుకుంది. తీతు లోపల్నుంచి వచ్చి, నా అంచు మీద చెయ్యి వేసి, భార్య ముఖం చూసి, చెయ్యి తీసేశాడు. రిక్షా వెనక్కి తిరిగింది.

వినండి. గుళ్ళో నన్ను దింపిన రోజు ఆమెది భక్తి. దానికి నా కడుపు మండినా, ఎప్పటికైనా క్షమించేదాన్నేమో. గేటు తియ్యని రోజు ఆమెది భక్తి కాదు, భయం. ఇచ్చిన చెయ్యి ఆమెది, భయం పెట్టిన నోరు ఫిలేమోనుది. దేవుడు ఆ గదిలో ఒక్క మాట కూడా అనలేదు, నేను సాక్షిని. అయినా పోగొట్టుకుంది ఎవరు? వాచీ ఎప్పటిలాగే ఫిలేమోను చేతికే ఉంది. నేనే రెండుసార్లు పోయాను.

అక్టోబరులో ఆడపిల్ల పుట్టింది. జెమీమా అని పేరు పెట్టారు. అదే దూలానికి పాత చీర కట్టి అందులో పడుకోబెడుతున్నారని ఆడవాళ్ళు బియ్యం పోస్తూ చెప్పుకుంటుంటే విన్నాను.

ఆ డిసెంబరులో ప్లాస్టరు బొమ్మ చేయిజారి పడి తల పగిలింది. నాటకానికి రెండు రోజులే ఉన్నాయి. టీచరమ్మ దయామణిని బతిమాలింది, పిల్లని కాసేపు పడుకోబెట్టమని. "ఆడపిల్లని యేసుబాబుగానా?" అని ఫిలేమోనుగారు లేచాడు. "రెండు నెలల పిల్ల, గుడ్డలో చుడితే ఆడేంటి మగేంటి, మీరు కూర్చోండి," అంది అయ్యగారి భార్య. వాచీ సంగతి ఆవిడకి గుర్తున్నట్టుంది, ఆ గొంతులో అంత కారం ఎప్పుడూ వినలేదు.

క్రిస్మస్ రోజు పగలు, ఆరాధన అయ్యాక నాటకం. స్టేజీ మీద నాలో గడ్డి పరిచి, గడ్డి మీద దుప్పటి వేసి, జెమీమాని తెచ్చి పడుకోబెట్టారు.

ఇరవై ఏళ్ళ నా బతుకులో అదొక్కటే. ఎంత చెప్పమంటారు? వెచ్చగా ఉంది. ఇంతే ఉంది, నా చేప అంత ఉంది. కాళ్ళు తన్నింది. ఒంట్లో మేకులున్న సంగతే మర్చిపోయాను. ఓబేదయ్యా, చూడవయ్యా, వచ్చింది, అనుకున్నాను.

గొర్రెల కాపరులు వచ్చేవేళకి పిల్ల ఏడుపు అందుకుంది. మరియమ్మ వేషం కట్టిన అమ్మాయికి పిల్లని ఎత్తుకోవడం చేతకాదు, దిక్కులు చూస్తోంది. రెండో వరసలో కూర్చున్న దయామణి ఉండబట్టలేక లేచి, నాటకం మధ్యలోనే స్టేజీ ఎక్కేసింది. ఎత్తుకోవడానికి కాదు. ఇంట్లో చీర ఉయ్యాల దగ్గర పొద్దస్తమానం చేసే పనే గదా, అలవాటు చొప్పున నా అంచు మీద చెయ్యి వేసి ఊపింది.

నేను కదల్లేదు.

మళ్ళీ తోసింది, ఈసారి గట్టిగా. పన్నెండు మేకులు. ఎక్కడ కదులుతాను? నాకున్న బలమంతా పెట్టాను, నమ్మండి. చెక్కకి ఉండే బలం ఎంత? ఆమె చెయ్యి నా చేపల మీద ఆగిపోయింది. వంగి కాళ్ళ వైపు చూసింది, మేకుల వైపు చూసింది. మూడేళ్ళ తరవాత మొదటిసారి నన్ను నన్నుగా చూసింది.    బిడ్డని ఎత్తుకుని, పమిట కప్పి, వరసలు దాటి బయటికి వెళ్ళిపోయింది. మిగతా నాటకం తల పగిలిన బొమ్మతోనే ఆడారు.

జెమీమా నాలో ఒక పని చేసి వెళ్ళింది, రెండు నెలల పిల్లలు చేసే పనే. దుప్పటి తడిసింది, గడ్డి తడిసింది, అడుగుదాకా దిగింది. అందరూ భోజనాలకి పోయారు. పొద్దు వాలేదాకా ఆ తడి నాలోనే ఉంది. ఒక్క చుక్క కూడా కిందికి పోనివ్వలేదు. ఓబేదయ్య పూసిన గుగ్గిలం అందుకే. సాయంత్రం ఎవరో వచ్చి ఫినాయిలు పోసి కడిగేశారు.

తరవాతి ఏడు పట్నం నుంచి థర్మోకోలు తొట్టి తెచ్చారు, రంగుల లైట్లతో సహా. వెనక గదిలో కొత్త మైకు సెట్టు పెట్టడానికి నన్ను బయటపడేశారు. ఎండకి ఎండాను, వానకి తడిశాను, అయినా నీళ్ళు పోస్తే కారను. అది చూసి అయ్యగారింట్లో గేదెకి కుడితి పొయ్యడానికి నన్ను పెరట్లో పెట్టారు. అంతకుముందు పశువుల తొట్టి వేషం కట్టేదాన్ని, ఇప్పుడు వేషం అక్కర్లేదు. కాళ్ళు రెండు పుచ్చి విరిగిపోయాయి. నేను బొర్లాపడకుండా కింద ఇటుక పెట్టారు. అందువల్ల గేదె మూతితో తోసినప్పుడల్లా నేను ఊగుతున్నాను. అదీ సంగతి. నన్ను ఊపిన ఒకే ఒక్క ప్రాణి. నవ్వుకోండి.

మొన్న శనివారం ఆ గేదె కుడితి తాగేసి, ఖాళీ అయిందన్న కోపంతో ఒక్క కుమ్ము కుమ్మి పోయింది. నేను ఊగుతున్నాను. దయామణి గుడి ఊడ్చి, చెత్త పారెయ్యడానికి పెరట్లోకి వచ్చింది. వెనకాలే ఐదేళ్ళ జెమీమా, తూనీగ కోసం పరిగెడుతోంది. ఐదేళ్ళుగా ఆమె నా పక్కనుంచే వెళ్తుంది, నాకేసి చూడదు. ఆ రోజు చూసింది. చూసి చెత్తబుట్ట కింద పడేసి, "అయ్యో అయ్యో" అంటూ పరిగెత్తుకొచ్చింది.

వచ్చేస్తోంది. నా కోసమే వస్తోంది. ఆ అరచెయ్యి నా అంచు మీద పడింది. అదే చెయ్యి, కాస్త గరుకెక్కింది. ఇన్నాళ్ళకి, ఊగుతున్న నా మీద, ఆ చెయ్యి.

గట్టిగా పట్టుకుని ఆపేసింది. నేను కదలడం పూర్తిగా మానేదాకా పట్టుకుని, కూతురి వైపు చూసుకుంది. పిల్ల నవ్వుతూ తూనీగ వెంట పోతోంది. ఆమె ఊపిరి పీల్చుకుని, చెయ్యి తీసేసి, కుడితి అంటిన అరచేతిని కొంగుకి తుడుచుకుని, పిల్లని పిలుచుకుంటూ వెళ్ళిపోయింది.